చెయ్యెత్తితేనే ఆగును

ఆదివారం పొద్దున ఏడూ పద్నాలుగు.
ప్రాగ్ నుంచి రెండు పెట్టెల డీజిల్ బండి.
పుట్టగొడుగుల బుట్టలు, పడవ తెడ్లు, బురద ఆరని బూట్లు,
మూతికి చిక్కం కట్టిన ఒక కుక్క.
దానికీ టికెట్టుంది, అడక్కుండానే చూపించాడు యజమాని.

టైంటేబుల్ ఆఫీసులో పదకొండేళ్ళుగా
బండ్లు రాసేవాణ్ణే గాని ఎక్కేవాణ్ణి కాను.
సాజావా లోయంటే నాకు ఒక నిలువు వరస,
పేర్లు, వాటి పక్కన నిమిషాలు.
పోడ్‌స్కాలీ హాల్టు ఎదురుగా ఒక అంకె:
రోజుకు ఎక్కేవారు, సున్నా పాయింట్ నాలుగు.
డిసెంబరు నుంచి బండి అక్కడ ఆగదు.
గీత కొట్టింది నేనే.
సగం కూడా లేని ఆ మనిషెవరో
చూసిపోదామని వచ్చాను.

దిగేసరికి పద్నాలుగు మందిమి,
కుక్కతో పదిహేను.
కాగితం తప్పా, కళ్ళు తప్పా?
తేల్చుకునే లోపలే అందరూ
ఏటివాలు బాట పట్టి వంపులో మాయమయ్యారు.
మిగిలింది ఒక పెద్దావిడ,
కాళ్ళ దగ్గర రెండు రంగు డబ్బాలు.
"ఊరికే నిలబడ్డావుగా, ఇది పట్టుకో."
ఎరుపు నా చేతికొచ్చింది.

ద్రాహోమీరా. ముప్పై ఒక్కేళ్ళు ట్రాము నడిపింది.
"పట్టాలు ఎటంటే అటే పోయాను.
ఇప్పుడు దారి నేను చెప్తున్నా."
ఇనపబ్రష్షుతో బెరడు మీద పాత పెచ్చులు గీకి
తెల్లగీత, ఎర్రగీత, మళ్ళీ తెల్లగీత.
"అనుమానం రాకముందే కనబడాలి.
వచ్చాక కనబడితే ఏం లాభం,
బండి వెళ్ళాక వినబడే గంట."

ఏరు పక్కనే నడిచింది,
కాచి వదిలేసిన టీ రంగులో.
రాయికి కొట్టుకుని ఒక పడవ అడ్డం తిరిగింది,
అందులోవాళ్ళు తిట్టుకుంటూనే నవ్వారు.
చెక్కగుడిసె వసారాలో ఎవరో
ఉల్లిపాయలు తరుగుతూ మాకు చెయ్యూపారు.
గాలివానకి ఒక చెట్టు కూలి ఉంది.
దాని బాణం గుర్తు ఇంకా చెరగలేదు,
నేరుగా ఆకాశాన్ని చూపిస్తోంది.
"ఆ దారికి రానూపోనూ టికెట్టు ఇవ్వరు"
అని ఆవిడ దాన్ని గీకేసింది.

మధ్యాహ్నం రొట్టె, ఊరవేసిన దోసకాయ.
"ఏం చేస్తుంటావు?"
"నిమిషాలు కూడుతుంటాను."
ఇంకేం అడగలేదు.
నేనే అడిగాను, పొద్దున దిగినవాళ్ళంతా
మళ్ళీ ఎక్కడ ఎక్కుతారని.
"కింద మూడో స్టేషన్లో. అక్కడ బీరు చల్లగా ఉంటుంది.
పోడ్‌స్కాలీలో ఎక్కేది ఎవరనీ?
మంగళవారం, శుక్రవారం యార్మిలా,
అకార్డియన్ పాఠాలకి.
ఆదివారం నేను.
వెళ్ళేటప్పుడు చెట్టుకి ఒక మొహం,
వచ్చేటప్పుడు రెండో మొహం దిద్దాలి కదా."

వారానికి మూడు.
ఏడుతో భాగించాను, నోట్లో రొట్టె అలాగే ఉంది.
సున్నా పాయింట్ నాలుగు.
ఎక్కినవాళ్ళని లెక్కపెట్టాం,
దిగినవాళ్ళకి మా దగ్గర గడే లేదు.

తిరుగు దారంతా నేను సరిగ్గా మాట్లాడలేదు.
ఎరుపు కారి వేళ్ళ సందుల్లో ఎండింది.
హాల్టు స్తంభానికి ఆఖరి గుర్తు వేస్తూ
"ఇది పదేళ్ళు ఆగుతుంది" అందావిడ.
ఆ మాటకి నా దగ్గర జవాబుంది.
ఇవ్వలేదు.

అయిదూ యాభై రెండు. రేకు బోర్డు మీద
చెయ్యెత్తితేనే ఆగును అని రాసి ఉంది.
నా చేతులు రెండూ డబ్బాలతో నిండి ఉన్నాయి.
ఆవిడ బ్రష్షెత్తింది.
బండి ఆగింది, తలుపు మీద
చింతగింజంత ఎర్రచుక్క పడింది.
"ఇద్దరేనా?" అన్నాడు కండక్టరు.
"ఇద్దరు. రాసుకోండి" అన్నాను,
కాస్త గట్టిగానే.

సొరంగం వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది.
కుడిపాదం మాత్రం
మలుపు మలుపుకీ
లేని బ్రేకుని మెల్లగా నొక్కుతోంది.